బీరపూలు పూసే వేళ

భర్త పోయాక ఊళ్లో ఇంటికి తాళం వేసి, హైదరాబాదులో కొడుకు దగ్గరికి వచ్చేసిందో పెద్దావిడ. నాలుగో అంతస్తులో ఫ్లాటు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకి వెళ్తారు. మనవరాలు బడికి వెళ్తుంది. ఆవిడకి ఏ లోటూ లేదు. వేళకి తిండి, విడిగా ఓ గది, అందులో టీవీ. కానీ వచ్చి నెల తిరక్కుండానే ఇంట్లో ఓ చిక్కు మొదలైంది. గంటకోసారి, ఒక్కోసారి గంటలో నాలుగుసార్లు ఆవిడ ఒకటే ప్రశ్న వేసేది.

'టైమెంతయింది నాన్నా?'

మొదట్లో ఓపిగ్గా చెప్పారు. తర్వాత విసుక్కున్నారు. ఆఫీసులో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి మరీ అడిగేసరికి అతనికి భయం పట్టుకుంది. అమ్మకి మతిమరుపు గానీ మొదలవలేదు కదా! డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే అలాంటిదేమీ లేదన్నారు. దాంతో కొడుకు పెద్ద పెద్ద అంకెలున్న గోడగడియారం కొనుక్కొచ్చి ఆవిడ మంచానికి ఎదురుగా తగిలించాడు. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న.

'ఎదురుగా గడియారం ఉంది కదమ్మా!' అన్నాడు.

'చూస్తే నాలుగని తెలుస్తోందిరా. కానీ నాలుగైనట్టు అనిపించట్లేదు' అందావిడ.

ఆ మాట కొడుక్కి అర్థం కాలేదు. కోడలికీ కాలేదు. అర్థమైంది మాత్రం పదేళ్ల మనవరాలికి. అదీ వెంటనే కాదు, దసరా సెలవులకి నానమ్మతో పాటు ఊరెళ్లాక.

పెరడే గడియారం

ఊళ్లో ఇంటి వెనక పెద్ద పెరడు. మనుషులు లేకపోయినా పక్కింటివాళ్లు నీళ్లు పోస్తుండటంతో మొక్కలు బతికే ఉన్నాయి. మొదటిరోజు తెల్లవారకముందే నానమ్మ నిద్రలేపితే పిల్ల కళ్లు నులుముకుంటూ వెళ్లింది. పారిజాతం చెట్టు కింద నేలంతా తెల్లగా పరుచుకుని ఉంది. ఆరంజి రంగు కాడలు, తెల్లటి రేకలు. రాత్రి విచ్చుకుని, వెలుగు రాకముందే రాలిపోవడం ఆ పువ్వు తీరు. మిగతా పూలు నేలమీద పడితే దేవుడికి పెట్టరు. పారిజాతానికి మాత్రం మినహాయింపు. రాలిన పూలనే ఏరి పూజకి వాడతారు. దాన్ని చూడాలంటే ఎండెక్కకముందే లేవాలి. ఎనిమిదింటికి లేచినవాళ్లకి దొరికేది వాడిన రేకలే.

ఆ తర్వాత వరస మందారాలది, నందివర్ధనాలది. పాదు మీద గుమ్మడి పువ్వు కూడా తెల్లవారుతూనే విచ్చుకుంటుంది. పసుపుపచ్చగా, అరచేయంత వెడల్పున ఉంటుంది. ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది, మళ్లీ తెరుచుకోదు. ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీద పెట్టడానికి ఆడపిల్లలు పొద్దున్నే దాని కోసం పరుగెత్తేది అందుకే. ఆ తొందరలోనూ పెద్దవాళ్లు ఓ జాగ్రత్త చెప్పేవారు. 'కింద పిందె ఉన్న పువ్వు కొయ్యకండే!' అని. పిందె ఉన్నది ఆడపువ్వు. దాన్ని కోస్తే కాయ పోతుంది. సన్నటి పొడుగు కాడ మీద నిలబడేది మగపువ్వు. గొబ్బెమ్మకి అదే అలంకారం.

తొమ్మిదీ పదీ మధ్య ఎండ నేరుగా తగిలాక గడ్డి గులాబీలు తెరుచుకున్నాయి. కొందరు నాచు పూలంటారు, నర్సరీలవాళ్లు టేబుల్ రోజ్ అంటారు. ఎండ ఉన్నంతసేపే వాటి వైభవం. మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటాయి. మబ్బు పట్టిన రోజున సరిగా తెరుచుకోవు. 'ఇవాళ వీటికి సెలవు' అని నవ్వింది నానమ్మ.

నాలుగు గంటల ప్రాంతంలో ప్రహరీ పక్కన చంద్రకాంతలు విచ్చాయి. గులాబీ రంగువి, పసుపువి, రెండూ కలిసిన చారలవి. ఇంగ్లీషువాళ్లు ఈ మొక్కకి పెట్టిన పేరే 'ఫోర్ ఓ క్లాక్'. అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్క ఇది. తెలుగు పెరళ్లలో ఎంతగా కలిసిపోయిందంటే పరాయిదంటే ఎవరూ నమ్మరు. మిరియపు గింజల్లాంటి దాని నల్లటి విత్తనాలు చితక్కొడితే లోపల పౌడరు లాంటి తెల్లటి పిండి ఉంటుంది.

ఐదు దాటింది. పొద్దు వాలుతుండగా పందిరి మీద ఒక పసుపు పువ్వు, దాని పక్కన మరొకటి, చూస్తుండగానే పది పదిహేను. బీరపూలు. పూలు చాలావరకు పొద్దున పూస్తాయని పాఠంలో చదువుకున్న పిల్లకి ఇది వింత. 'మా చిన్నప్పుడు ఇంట్లో గడియారం ఎక్కడుందే? బీరపూలు పూసే వేళయిందంటే పశువులు ఇంటికొచ్చే వేళ అని. పొయ్యి వెలిగించాలి, దీపాలకి నూనె చూసుకోవాలి. మీ తాతయ్య బడి నుంచి వచ్చేదీ అప్పుడే' అంది నానమ్మ.

పిల్ల ఆ రాత్రి నోటుపుస్తకంలో గీతలు గీసి, బడి టైంటేబుల్ లాగే ఒకటి రాసుకుంది. మొదటి పీరియడ్ పారిజాతం. చివరి పీరియడ్ మల్లె, జాజి, రాధామనోహరం. అప్పుడు తట్టింది. నానమ్మ అడిగేది టైము కాదు. ఆ ఫ్లాటులో పొద్దున్నకీ మధ్యాహ్నానికీ సాయంత్రానికీ తేడా లేదు. అదే ట్యూబులైటు, అదే గోడ, అదే టీవీ. గడియారంలో ముల్లు తిరుగుతోంది గానీ రోజు కదలడం లేదు.

పువ్వుకి వేళ ఎలా తెలుస్తుంది?

పూలని బట్టి పొద్దు లెక్కపెట్టడం పల్లెటూరి ముచ్చట మాత్రమే కాదు. మొక్కలకీ జంతువులకీ శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్, 1751లో అచ్చయిన తన గ్రంథంలో 'పూల గడియారం' ఆలోచనని వివరించాడు. ఏ పువ్వు ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు ముడుచుకుంటుందో గమనించి పూలని మూడు రకాలుగా విడదీశాడు. వాతావరణాన్ని బట్టి వేళ మార్చుకునేవి కొన్ని. పగటి పొడుగుని బట్టి మార్చుకునేవి కొన్ని. ఏదెలా ఉన్నా నిర్ణీత వేళకే తెరుచుకుని, ముడుచుకునేవి కొన్ని. గడియారానికి పనికొచ్చేవి ఈ మూడో రకమే. మబ్బు పడితే సెలవు పెట్టే గడ్డి గులాబీ మొదటి రకంలోకి వస్తుంది.

అంతకు ముందే, 1729లో, ఫ్రాన్సులో డి మైరాన్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఓ చిన్న పరీక్ష చేశాడు. పగలు ఆకులు విప్పి రాత్రి ముడుచుకునే మొక్కని చీకట్లో పెట్టాడు. అది అత్తిపత్తి లాంటి మొక్క అంటారు. ఎండ సోకకపోయినా దాని ఆకులు వేళకి విచ్చుకున్నాయి, వేళకి ముడుచుకున్నాయి. అంటే సమయం బయటి వెలుతురులోనే కాదు, మొక్క లోపల కూడా ఉందన్నమాట. ఇంట్లో ఆడవాళ్లకి ఈ సంగతి తెలియంది కాదు. పొద్దున్నే కోసిన మల్లెమొగ్గలు కొమ్మని వదిలి, తడిబట్టలో ఒదిగి, దారానికి చిక్కి, జడలోకి చేరినా సాయంత్రానికే విచ్చుకుంటాయి. తల్లికొమ్మ నుంచి వేరైనా వేళ మరచిపోవు.

వేళలు వేరుగా ఉండటానికి కారణం ఉంది. పువ్వు పూసేది మనుషుల కోసం కాదు, వచ్చే అతిథి కోసం. మందారానికి తేనెపిట్టలు పగలు వస్తాయి. పిట్టని పిలవడానికి ఎర్రటి రంగు చాలు, వాసనతో పని లేదు. మల్లె, జాజి, పారిజాతం లాంటివి పొద్దు వాలాక తెరుచుకుంటాయి. చీకట్లో ఎరుపు కనిపించదు. అందుకే తెల్లటి రేకలు, దూరానికి అందే పరిమళం. ఆ వాసన పట్టుకుని వచ్చేవి రెక్కల పురుగులు. రాధామనోహరం ఇంకా తెలివైనది. సాయంత్రం తెల్లగా విచ్చుకుని రాత్రి తిరిగే పురుగుల్ని పిలుస్తుంది. మర్నాటికి గులాబీ రంగుకి, ఆపైన ఎరుపుకి మారి పగటి తేనెటీగలకీ పిట్టలకీ కనిపిస్తుంది. ఒకే గుత్తిలో తెలుపు, గులాబీ, ఎరుపు కనిపిస్తే అవి మూడు రకాల పూలు కావు. ఇవాళ్టివి, నిన్నటివి, మొన్నటివి.

మనుషుల ఒంట్లోనూ ఇలాంటి గడియారమే ఉంది. ఈగల మీద పరిశోధించి, ఆ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో తేల్చినందుకు ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలు హాల్, రాస్‌బాష్, యంగ్‌లకి 2017లో వైద్య నోబెల్ దక్కింది. ఈ గడియారాన్ని రోజూ సరిచేసేది ప్రధానంగా వెలుతురు, అందులోనూ పొద్దుటి వెలుతురు. రోజంతా నాలుగు గోడల మధ్య ఉండే పెద్దవాళ్లకి అందనిది అదే. పొద్దున్నే పువ్వు కోయడానికి ఆరుబయటికి వెళ్లే అలవాటులో భక్తి ఉంది, అందం ఉంది. పెద్దగా ఎవరూ గుర్తించని ఆరోగ్యం కూడా ఉంది.

ఒక్కరోజు చాలని...

పూలతో కాలం గడిపేవాళ్లకి ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. వాటిలో చాలావాటి ఆయుష్షు ఒక్కరోజే. పొద్దున విచ్చిన మందారం మరుసటిరోజుకి చుట్టుకుపోతుంది. బ్రహ్మకమలమని ఇళ్లలో పెంచుకునే పువ్వుకి ఒక్క రాత్రే. నిజానికి అది హిమాలయాల బ్రహ్మకమలం కాదు, మెక్సికో ప్రాంతం నుంచి వచ్చిన ఒక రకం బ్రహ్మజెముడు. అయినా దానికున్న మర్యాద చూడండి. మొగ్గ తల ఎత్తిందంటే ఇరుగుపొరుగుకి కబురు వెళ్తుంది. రాత్రి తొమ్మిదింటికి కుర్చీలు వేసుకుని, కాఫీలు తాగుతూ, రేక రేక విచ్చుకోవడం చూస్తారు. తెల్లవారేసరికి అది వాలిపోతుంది. ఆర్నెల్లుగా పలకరించుకోని పక్కింటివాళ్లని ఒక రాత్రి కూర్చోబెట్టిన ఘనత మాత్రం మిగులుతుంది.

బతుకమ్మ చెప్పేదీ ఇదే. తంగేడు, గునుగు, బంతి, చామంతి, కట్ల పూలు తెచ్చి, గంటల తరబడి వరసలు పేరుస్తారు. సాయంత్రం చుట్టూ ఆడి, పాడి, చీకటి పడ్డాక చెరువులో వదిలేస్తారు. అంత కష్టపడి పేర్చింది ఒక్క పూటకేనా అని ఎవరూ బాధపడరు. మర్నాడు మళ్లీ పూలకి బయల్దేరతారు. దాచుకోవడం వల్ల కాదు, వేళకి అక్కడ ఉండటం వల్ల వచ్చే సంతోషమది.

ఇంట్లో పూల విషయంలో చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మొక్కలు కొంటారు, కుండీలు కొంటారు, నీళ్లు పోయడానికి మనిషిని పెడతారు. విచ్చుకునే వేళకి మాత్రం ఇంట్లో ఉండరు. ఉన్నా ఫోన్లో ఫొటో తీసి, చూడకుండా వెళ్లిపోతారు. చంద్రకాంత ఎవరి తీరిక కోసమూ ఆగదు. ఐదు నిమిషాలు దాని దగ్గర నిలబడితే ఖర్చయ్యేది ఆ ఐదు నిమిషాలే. ఆ రోజు గడిచిందని కాక, ఆ రోజు ఉన్నానని అనిపించేది కూడా ఆ ఐదు నిమిషాల్లోనే.

బాల్కనీలో నాలుగు కుండీలు

దసరా సెలవులయ్యాక మనవరాలు తన టైంటేబుల్ తెచ్చి తండ్రి ముందు పెట్టింది. బాల్కనీలో పట్టేది నాలుగు కుండీలే. అందుకని ఏరికోరి ఎంచారు. పొద్దుటికి మందారం. పదింటికి గడ్డి గులాబీ. నాలుగింటికి చంద్రకాంత. రాత్రికి మల్లె. పారిజాతం చెట్టు కుండీలో ఇమడదు గనక అపార్టుమెంటు ప్రహరీ పక్కన నాటడానికి అసోసియేషన్ వాళ్లని అడిగి ఒప్పించారు.

నాలుగుగంటలన్నా నేరుగా ఎండ పడే బాల్కనీ అయితే ఈ మొక్కలకి పెద్ద సేవలు అక్కర్లేదు. గడ్డి గులాబీకి చిన్న తుంపు గుచ్చితే చాలు, బతికేస్తుంది. నీళ్లెక్కువైతేనే కుళ్లుతుంది. చంద్రకాంత గింజ వేస్తే చాలు. అది ఎదిగి, దాని గింజలు రాలి, మరుసటి ఏడాది తనే మొలుస్తుంది. మల్లెకి చలికాలంలో కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, కొన్నాళ్లు నీళ్లు తగ్గించాలి. ఎండలు ముదిరే వేళకి కొత్త చిగురుతో పాటు మొగ్గలు వస్తాయి.

నానమ్మ ప్రశ్న ఒక్కసారిగా ఆగిపోలేదు. చంద్రకాంత మొలిచి పూయడానికే నెలలు పట్టింది. కానీ ప్రశ్న తగ్గుతూ వచ్చింది. పొద్దున్నే లేచి మందారానికి నీళ్లు పోసి, కాసేపు ఎండలో కూర్చోవడం అలవాటైంది. ఒకరోజు సాయంత్రం కోడలు ఆఫీసు నుంచి త్వరగా వచ్చి సోఫాలో కునుకు తీస్తుంటే ఆవిడే లేపింది. 'అమ్మాయీ, చంద్రకాంతలు విచ్చాయి. పిల్ల బస్సు వచ్చే వేళ.' కోడలు గడియారం చూసింది. నాలుగూ పది. అప్పటిదాకా టైము అడిగిన మనిషి, ఆ రోజు టైము చెప్పింది.

వానలు పడ్డాక ఆవిడ ఇంకో కోరిక కోరింది. పెద్ద సంచిలో మట్టి నింపించి, బీరగింజ రెండు పెట్టింది. బాల్కనీ ఊచలకి తాడు కట్టి తీగ పాకించారు. నెలన్నరకి పూత మొదలైంది. ముందు వచ్చినవన్నీ మగపూలే. ఆ తర్వాత పిందెతో ఒక ఆడపువ్వు వచ్చింది. ఆ సాయంత్రం అందరూ పెళ్లికి వెళ్లారు. వచ్చేసరికి చీకటి పడింది. నాలుగో అంతస్తు దాకా ఏ పురుగూ ఎక్కి వచ్చినట్టు లేదు. రెండ్రోజుల్లో పిందె పసుపుబారి రాలిపోయింది.

'తప్పు నాదే. పెళ్లికి వెళ్తే వెళ్లాను, దానితో మాట చెప్పాల్సింది' అని నొచ్చుకుందావిడ. తర్వాత వారం మరో ఆడపువ్వు మొగ్గ కనిపించింది. మధ్యాహ్నమే కొడుక్కి ఫోన్ చేసింది. ఆమె ఫోన్ చేసి చాలా రోజులైంది. అతను కంగారుగా ఎత్తాడు.

'ఏమైందమ్మా?'

'ఏం కాలేదురా. బీరపూలు పూసే వేళకి ఇంటికి రాగలవేమో చూడు.'

అతను ఆ వేళేమిటని అడగలేదు. చిన్నప్పుడు విన్న మాటే. ఆరింటికల్లా ఇంట్లో ఉన్నాడు. నానమ్మ మగపువ్వు ఒకటి కోసి, రేకలు తుంచి, మధ్యలో పుప్పొడి కనిపించేలా మనవరాలి చేతికిచ్చింది. పిల్ల దాన్ని ఆడపువ్వు మధ్యలో మెల్లగా, రెండుసార్లు అద్దింది. నలుగురూ ఆ ఇరుకు బాల్కనీలో నిలబడి చూశారు. మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. ఎవరికీ లోపలికి వెళ్లాలని కూడా అనిపించలేదు.

ఈసారి పిందె నిలిచింది. పది రోజులు దాటాక కోశారు. నలుగురికీ ఒక్క బీరకాయ కూరకి చాలదు. అందులో ఇంత శనగపప్పు వేసి వండింది కోడలు. తొక్క పారేయకుండా అత్తగారు పొట్టు పచ్చడి చేసింది. అన్నం తింటుండగా కొడుకు గోడ వైపు చూసి, 'అమ్మా, ఆ గడియారం ఆగిపోయినట్టుందే' అన్నాడు.

'అవును, వారమైంది. బ్యాటరీ తెద్దువుగానిలే, తొందరేముంది!' అందావిడ.